బండిలోకి ఎలుకలు చేరకుండా ఏం చేయాలి: వరుసగా చేసుకోవాల్సిన పనులు

పొద్దున్నే తాళం తిప్పితే ఇంజిన్ స్టార్ట్ అయింది కానీ ఒళ్లంతా వణుకుతున్నట్టు నడిచింది. డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ లైటు వెలిగి, ఇక ఆరలేదు. బానెట్ ఎత్తి చూశాను. ఇంజెక్టర్‌కి వెళ్లే సన్నటి వైరు మీద ఉలితో చెక్కినట్టు పక్కపక్కనే రెండు గాట్లున్నాయి. వాటిలోంచి రాగి తీగ మెరుస్తోంది. వైరు అతికించుకుని, సమస్య తీరిందనుకున్నాను. పది రోజులు తిరక్కుండానే, అతుకు వేసిన చోటికి వేలెడు దూరంలో మళ్లీ కొరికేసింది.

తప్పు అతుకులో లేదు, నేను పని చేసిన వరుసలో ఉంది. వైరు బాగుచేశానే కానీ ఎలుక ఎక్కడ కాపురం పెట్టిందో వెతకలేదు. అది వదిలి వెళ్లిన మూత్రం వాసన కడగలేదు, వచ్చే దారి మూయలేదు. ఎలుక మూత్రం మిగతా ఎలుకలకు చిరునామా లాంటిది. ఇక్కడ మనవాళ్లు ఉన్నారు, ఈ చోటు క్షేమం అని ఆ వాసన చెబుతూనే ఉంటుంది. అందుకే కింది పనులన్నీ ఈ వరుసలోనే చేయండి. ముందు వెతకడం, తర్వాత కడగడం, తర్వాత మూయడం, పట్టడం. స్ప్రేలు, పరికరాలు కొనాలా వద్దా అన్నది అన్నిటికంటే చివర ఆలోచించవచ్చు.

అసలు బండిలోకి ఎందుకు వస్తాయి?

ఎలుక ముందు పళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. వాటి ముందు వైపు మాత్రమే గట్టి ఎనామెల్ ఉంటుంది, వెనక వైపు మెత్తగా ఉంటుంది. కొరికేకొద్దీ వెనక భాగం ముందుగా అరుగుతుంది కాబట్టి పన్ను అంచు ఎప్పుడూ ఉలిలా పదునుగా ఉంటుంది. కొరక్కపోతే దానికి గడవదు. వైరు మీది తొడుగులో ఈమధ్య సోయా కలుపుతున్నారని, అందుకే ఎలుకలు ఎగబడుతున్నాయని చాలామంది అంటారు. కానీ సోయా ఊసే లేని పాత బండ్ల వైర్లనూ ఎలుకలు కొరికాయి, ఇప్పటికీ కొరుకుతున్నాయి. తొడుగు దేనితో చేసినా సరే, మెత్తగా, సన్నగా, పంటికి అందేలా ఉంటే చాలు.

ఇక బండి వాటికి ఎందుకు నచ్చుతుందంటే, ఆపిన తర్వాత ఇంజిన్ కొన్ని గంటలపాటు వెచ్చగా ఉంటుంది. లోపల చీకటి. పిల్లులు, గుడ్లగూబలు దూరలేనన్ని మూలలుంటాయి. బానెట్ లోపలి వైపు అంటించిన మెత్తటి పట్టీ, సీటు స్పాంజి, ఏసీ ఫిల్టర్ కాగితం, ఇవన్నీ గూడు కట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న సామాను. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పెన్సిల్ దూరే సందు కనిపిస్తే చిట్టెలుక కూడా దూరుతుందని లెక్కపెట్టుకోండి. పెద్ద ఎలుకకు దానికి రెండింతలు కావాలి.

ఆలస్యం చేయకూడదని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. చిట్టెలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు అయిదారు పిల్లలు సాధారణం. ఆ పిల్లలు నెలన్నర రెండు నెలల వయసుకే మళ్లీ పిల్లలు పెట్టగలవు.

మొదటి పని: టార్చి పట్టుకుని వెతకడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, చేతికి రబ్బరు గ్లౌజులు, ముఖానికి ఎన్‌95 మాస్కు వేసుకుని మొదలుపెట్టండి. వెతికి, కడిగేదాకా ఏసీ గానీ ఫ్యాన్ గానీ వేయవద్దు. గూడు గాలి గొట్టంలో ఉంటే ఆ దుమ్మంతా మీ ముఖం మీదికే వస్తుంది.

బానెట్ కింద ముందుగా బ్యాటరీ చుట్టూ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక, ఇంజిన్ మీద కప్పిన ప్లాస్టిక్ మూత కింద చూడండి. ఆ మూత లాగితే ఊడి వస్తుంది. చాలాసార్లు గూడు దొరికేది దాని కిందే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి లోపలికి తొంగి చూడండి. పెంటికలు కనిపిస్తే పరిమాణం గమనించండి. బియ్యపు గింజకంటే చిన్నగా, కొసలు సన్నగా ఉంటే చిట్టెలుకవి. సెంటీమీటరు దాటి లావుగా ఉంటే పెద్ద ఎలుకవి. బోను సైజు, మూయాల్సిన సందుల సైజు ఈ తేడాను బట్టే ఉంటాయి కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు.

తర్వాత గ్లవ్ బాక్స్ దగ్గరికి రండి. చాలా కార్లలో దాని వెనకే క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కి కిందికి దించితే సన్నటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. నేను ఆ మూత తీసి ఫిల్టర్ మెల్లగా బయటికి లాగినప్పుడు, మడతల మధ్య ఓ మూల గుండ్రంగా కొట్టేసి ఉంది. ఆ గుంతలో సీటు స్పాంజి ముక్కలు, టిష్యూ కాగితం పోగులు, ఎక్కడిదో తెలియని ఎర్ర దారం, అన్నీ కలిపి పిడికెడంత మెత్తటి ఉండ. పక్కనే ఎండిన ఆకులు. ఏసీ వేసినప్పుడల్లా నాలుగు రోజులుగా వస్తున్న ఘాటైన కంపు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. మీ బండిలో ఫ్యాన్ వేయగానే అలాంటి వాసన వస్తుంటే, గాలి తగ్గినట్టుంటే, ముందు చూడాల్సింది ఇక్కడే.

డిక్కీలో స్టెప్నీ టైరు కింద, సీట్ల కింద, మ్యాట్ల అడుగున కూడా చూడండి. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే ఎలుక మూత్రం మరకలు మెరుస్తాయి, అవి నడిచే దారి తెలుస్తుంది. ఆ టార్చి లేకపోతే రాత్రి నాలుగు టైర్ల చుట్టూ సుద్దపొడి పలుచగా చల్లండి. పొద్దున అడుగుల గుర్తులను బట్టి ఏ టైరు మీదుగా ఎక్కుతున్నాయో తెలిసిపోతుంది.

రెండో పని: కడగడం (దీన్ని ఎవరూ సరిగా చేయరు)

పెంటికలు కనిపించగానే చీపురో వాక్యూమ్ క్లీనరో తీసుకునేవాళ్లే ఎక్కువ. దయచేసి ఆ పని చేయవద్దు. ఎలుకల మలమూత్రాలు ఎండి పొడై గాలిలో లేస్తే, ఆ గాలి పీల్చడం వల్ల హాంటావైరస్ జబ్బులు సోకవచ్చు. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో ఊపిరితిత్తులను దెబ్బతీసే రకం హాంటావైరస్ ఇలాగే బయటపడింది. తడి మూత్రం గాయాలకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు రావచ్చు. భయపడాల్సిన పని లేదు, పద్ధతిగా చేస్తే చాలు.

తలుపులు, డిక్కీ, బానెట్ అన్నీ తెరిచి అరగంటసేపు గాలి ఆడనివ్వండి. ఆ అరగంటా మీరు దూరంగా ఉండండి. ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రవం 1 వంతుకు 9 వంతుల నీళ్లు కలిపి పెంటికల మీద, గూడు మీద బాగా తడిసేలా పిచికారీ చేయండి. అయిదు నిమిషాలు నానాక కాగితం తువ్వాలుతో ఎత్తి, ఒక సంచిలో కట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి కట్టి పారేయండి. బ్లీచ్‌ని వేరే ఏ క్లీనర్‌తోనూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. వైర్ల కనెక్టర్లు, అల్యూమినియం భాగాల మీద బ్లీచ్ పడితే తుప్పు పడతాయి. అక్కడ క్రిమిసంహారక వైప్స్‌తో తుడవండి. బట్ట సీట్లకు బ్లీచ్ తగిలితే రంగు పోతుంది, వాటికి రంగు పోగొట్టని క్రిమిసంహారకం వాడండి.

బ్లీచ్ వేసిన చోటును నీళ్ల గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాక, పెంపుడు జంతువుల మూత్రం మరకలకు అమ్మే ఎంజైమ్ క్లీనర్ రాయండి. బ్లీచ్ తడి ఉండగానే రాస్తే ఎంజైములు చచ్చిపోయి దండగవుతుంది. మన ముక్కుకు తగలని మూత్రం వాసనను విరగ్గొట్టేది ఈ ఎంజైమ్ క్లీనరే. నేను మొదటిసారి వదిలేసింది సరిగ్గా ఈ పనినే.

కడిగినా పనికిరానివి కొన్నుంటాయి. క్యాబిన్ ఫిల్టర్ పారేయాల్సిందే. బానెట్ లోపలి పట్టీకి మూత్రం ఇంకి ఉంటే అదీ మార్చండి. దాన్ని ఉంచుకుని మిగతా అంతా కడిగినా ఫలితం ఉండదు.

మూడో పని: తిండి, చోటు

కారులో తినడం మానేయమంటే ఎవరూ వినరని తెలుసు. కనీసం తిన్న రోజు రాత్రే మ్యాట్లు దులపండి. పిల్లల సీటు కింద, సీటు పట్టాల సందుల్లో పడిన బిస్కెట్ నలుసులు చిట్టెలుకకు వారాలపాటు సరిపోతాయి. పెంపుడు జంతువుల మేత, విత్తనాల సంచి, సబ్బులు, కొవ్వొత్తులు కూడా బండిలో ఉంచవద్దు. టిష్యూ డబ్బా తిండి కాకపోయినా గూటికి పరుపు అవుతుంది, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టుకోండి.

బండి నిలిపే చోటు కూడా అంతే ముఖ్యం. చిట్టెలుక గూటి నుంచి ఎక్కువ దూరం పోదు, తిండి దగ్గర్లో ఉంటే కొద్ది మీటర్లలోనే తిరుగుతుంది. కాబట్టి చెత్త డబ్బా, కట్టెల మోపు, పాత సామాన్ల గుట్ట, గుబురు పొదలు, పక్షులకు గింజలు వేసే చోటు, వీటికి బండిని ఎంత దూరం జరిపితే అంత మంచిది. గోడను ఆనుకుని పెట్టవద్దు. ఎలుకలు గోడ వారగానే నడుస్తాయి, దారిలో టైరు తగిలితే ఎక్కేస్తాయి. బండి మీద నేల దాకా కప్పే కవరు వేస్తే కింద గాలి, వెలుతురు లేని గుడారం తయారవుతుంది. ఎలుకల బెడద ఉన్న చోట అలాంటి కవరు తీసేయడమే మేలు.

వీలైతే బండిని రోజూ కాసేపైనా నడపండి. గూడు మొదలుపెట్టిన ఎలుకకు దినదినం కుదుపు తగిలితే నిలదొక్కుకోవడం కష్టం. రోజూ నడిపే బండ్లలోనూ ఒక్క రాత్రిలో గూడు మొదలైపోతుంది కాబట్టి, వారానికి రెండుసార్లు బానెట్ ఎత్తి చూసే అలవాటు మాత్రం తప్పదు. రెండు నిమిషాల పని. ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆదా చేసింది ఈ రెండు నిమిషాలే.

నాలుగో పని: దారులు మూయడం

ఒక విషయం ముందే ఒప్పుకోవాలి. ఇంజిన్ గదిని ఎలుక రాకుండా మూయలేం. అది అడుగు నుంచి తెరుచుకునే ఉంటుంది, గాలి ఆడటం దానికి అవసరం కూడా. మనం మూయగలిగేది ఇంజిన్ గది నుంచి, బయటి నుంచి లోపలి క్యాబిన్‌లోకి వెళ్లే దారులు, ఇంకా ఎయిర్ ఫిల్టర్‌కి వెళ్లే దారి. శ్రమ అంతా అక్కడే పెట్టండి.

క్యాబిన్‌లోకి పెద్ద దారి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే ప్లాస్టిక్ జాలీ కిందుంటుంది. బయటి గాలి లోపలికి వెళ్లేది అక్కడినుంచే. వైపర్ చేతులు తీసి ఆ ప్లాస్టిక్ పలకను ఎత్తితే కింద వెడల్పాటి రంధ్రం కనిపిస్తుంది. దాని మీద 6 మిల్లీమీటర్లకు మించని కళ్లున్న స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ బిగించాలి. రంధ్రం కంటే చుట్టూ రెండేసి సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించి, పదును అంచులు లోపలికి మడిచి బిగించండి. వాన నీళ్లు పారే చోటు కాబట్టి మామూలు ఇనుప జాలీ తుప్పు పడుతుంది. దోమతెర లాంటి సన్నటి జాలీ వేస్తే ఆకులు, దుమ్ము పట్టి గాలి ఆగిపోతుంది, ఫైబర్‌దైతే ఎలుక కొరికేస్తుంది కూడా. ఈ పలక తీయడం అలవాటు లేకపోతే మెకానిక్‌కి చూపించి చేయించుకోండి. జాలీ మాత్రం మీరే ఎంచి ఇవ్వండి.

బండి నిలిపేటప్పుడు ఏసీని లోపలి గాలే తిరిగే పద్ధతిలో పెట్టి ఆపడం మంచి అలవాటు. చాలా బండ్లలో గాలి దారిలోని రేకు అలాగే మూసుకుని ఉండిపోతుంది. పైసా ఖర్చు లేదు.

మిగతా దారులు కనుక్కోవడానికి ఇద్దరు కావాలి. చీకటి పడ్డాక ఒకరు కారులో, డ్యాష్‌బోర్డ్ కింద తల పెట్టి కూర్చోవాలి. రెండోవారు ఇంజిన్ గదిలో నుంచి పెద్ద టార్చి మెల్లగా తిప్పాలి. లోపల ఎక్కడ చుక్క వెలుతురు కనిపించినా అక్కడ గుర్తు పెట్టుకోండి. సాధారణంగా వైర్ల కట్ట లోపలికి వచ్చే రబ్బరు బిరడా పక్కన, పెడళ్ల దగ్గర, స్టీరింగ్ కడ్డీ చుట్టూ కనిపిస్తుంది. మెకానిక్ ఏదో కొత్త వైరు లాగడానికి బిరడాకు పొడిచి వదిలేసిన రంధ్రం అయితే మరీ తరచుగా ఉంటుంది. చిన్న సందుల్లో రాగి తీగల జాలీ దట్టంగా కూరి పైన సీలెంటు రాయండి. ఉత్త ఫోమ్ కొడితే ఎలుక ఒక రాత్రిలో తొలిచేస్తుంది. గిన్నెలు తోమే ఇనుప పీచు వద్దు. తుప్పు పడుతుంది, దాని పోగులు రాలి కరెంటు కనెక్టర్ల మీద పడితే షార్టు అవుతుంది. కదిలే భాగాలకు, పెడళ్లకు ఏదీ అడ్డం రాకుండా చూసుకోండి.

వెనక బంపర్ లోపల, పక్కలకు రబ్బరు రేకులున్న గాలి కిటికీలు ఉంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి వీటిలోంచి పోతుంది. ఆ రేకులు విరిగితే ఎలుకకు అది సింహద్వారమే. పూర్తిగా మూసేస్తే తలుపులు సరిగా పడవు, అద్దాలకు ఆవిరి పడుతుంది. విరిగినవి మార్చి, రేకు కదలడానికి జాగా వదిలి బయట జాలీ బిగించండి. ఏసీ నీళ్లు కారే గొట్టం, వైపర్ల కింద వాన నీళ్లు పోయే రంధ్రాలు, రేడియేటర్ ముందు భాగం, ఈ మూడూ ఎప్పుడూ మూయకూడదు.

అయిదో పని: ఉన్నవాటిని పట్టడం

దారులు మూసినంత మాత్రాన చుట్టుపక్కల ఉన్నవి మాయం కావు. స్ప్రింగు బోనులు టైర్ల పక్కన, గోడ వారగా పెట్టండి. బోను గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడను తాకేలా ఉండాలి. గోడ వెంట వచ్చే ఎలుక నేరుగా ఎర మీదికే వస్తుంది. రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున, ఎక్కువ సంఖ్యలో పెట్టండి. ఒకే బోను పెట్టి వారం ఎదురుచూడటం వల్ల లాభం లేదు. ఎరగా శనగ గింజంత వేరుశనగ ముద్ద చాలు. గూడు కట్టే కాలంలో దూది పోగు చుట్టి కట్టినా పడతాయి. చిట్టెలుకకు కొత్త వస్తువు అంటే ఆసక్తి, మొదటి రాత్రే వచ్చి చూస్తుంది. పెద్ద ఎలుకకు అనుమానం. దానికి రెండు మూడు రోజులు బోను ఎక్కుపెట్టకుండా ఎర మాత్రం పెట్టి అలవాటు చేయాలి. పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోటైతే బోనును రంధ్రమున్న పెట్టెలో ఉంచండి. ఇంజిన్ గదిలో మాత్రం పెట్టవద్దు. ఒక్కరోజు మరిచిపోయి స్టార్ట్ చేస్తే బెల్టులో చిక్కుతుంది.

ఎలుకల మందు నేను వాడను, వాడమని ఎవరికీ చెప్పను. ఎక్కువగా అమ్మే రకాలు రక్తం గడ్డకట్టకుండా చేసేవి, తిన్న ఎలుక చావడానికి రోజులు పడుతుంది. ఆ లోపు అది మీ డ్యాష్‌బోర్డ్ వెనక్కి చేరి చస్తే, ఆ కళేబరం తీయడానికి డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి. మందు తిన్న ఎలుకను పట్టి తిన్న గుడ్లగూబ, పిల్లి కూడా చావవచ్చు. అవే కదా మనకు సాయం చేసేవి. జిగురు అట్టలూ వద్దు, గంటల తరబడి ప్రాణం విలవిల్లాడేలా చేయడం అన్యాయం.

వాసనలు, శబ్దాలు, టేపులు

పుదీనా నూనె వాసన ఎలుకకు కొంత ఇబ్బందే కావచ్చు కానీ వేడి ఇంజిన్ దగ్గర రెండు మూడు రోజుల్లో ఆవిరైపోతుంది. గూడు, తిండి ఉన్న ఎలుక ఆ వాసనను పట్టించుకోదు. నాఫ్తలీన్ ఉండలు కారులో అస్సలు వేయవద్దు, మూసిన క్యాబిన్‌లో ఆ ఆవిరి పీల్చేది మనమే. చెవికి వినపడని శబ్దం చేసే పరికరాల మీద నాకు నమ్మకం లేదు. 2001లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి పరికరాలు తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు, మీరు చెప్పేదానికి శాస్త్రీయ ఆధారం ఉండాలని హెచ్చరిక లేఖలు రాసింది.

నాకు కాస్త గురి కుదిరింది మిరప ఘాటు దట్టించిన టేపు మీద. హోండా లాంటి కంపెనీ తన బండ్ల వైర్లకు చుట్టడానికే దీన్ని అమ్ముతోంది. గాలిలో వాసనగా పోయేది కాదు, కొరికినప్పుడు నోరు మండుతుంది. వైరింగ్ అంతటికీ చుట్టలేం, ఒకసారి కొరికిన చోట, అతుకు వేసిన చోట చుట్టండి. గ్లౌజులతో చుట్టండి, ఆ చేత్తో కళ్లు నలుపుకోవద్దు. తాళం వేసుకునే షెడ్డులో బండి పెట్టేవాళ్లు రాత్రి బానెట్ తెరిచి ఉంచి, కింద దీపం పెట్టి చూడవచ్చు. వేడి, చీకటి రెండూ పోతాయి. బానెట్ తెరిస్తే వెలిగే సొంత బల్బు ఉన్న బండి అయితే ఆ బల్బు తీసేయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

కొరికిన వైరు బాగుచేయించేటప్పుడు

ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయించండి. ఉత్త టేపు చుట్టి పంపించే పని ఒప్పుకోవద్దు. సరైన కొలత వైరుతో అతుకు వేసి, వేడికి బిగుసుకునే తొడుగు వేయాలి. పసుపు తొడుగుతో ఉండేవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ వైర్లు, వాటిని మీరు తాకవద్దు. పెట్రోలు వాసన వస్తే ఇంధనం గొట్టం కొరికి ఉండవచ్చు, బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే పిలవండి. సైలెన్సర్ మొదలయ్యే వేడి గొట్టాల మీద గూడు ఉంటే అది అంటుకోవచ్చు, తీసేదాకా నడపవద్దు. బాగు చేయించే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి. ఎలుకలు చేసిన నష్టం వర్తిస్తుందో లేదో మీ బీమా పత్రంలో చదవండి, కొన్ని పాలసీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు.

నెలల తరబడి నిలిపి ఉంచే బండికి

లోపల కాగితం ముక్క కూడా లేకుండా ఖాళీ చేయండి. ఎయిర్ ఫిల్టర్‌కి గాలి పోయే మూతికి, సైలెన్సర్ కొసకు జాలీ ఉండ కూరండి. కూరిన ప్రతిదానికీ ఒక ఎర్ర గుడ్డ ముక్క స్టీరింగ్‌కి కట్టండి. రెండు మూస్తే రెండు గుడ్డలు. మూసిన సంగతి మరిచి స్టార్ట్ చేస్తే ఎలుక చేసేదానికంటే పెద్ద నష్టం జరుగుతుంది. చుట్టూ బోనులు పెట్టి, వాటిని రోజూ చూసే మనిషిని ఏర్పాటు చేయండి.

స్కూటర్లు, బైకులకు ఇదే వర్తిస్తుంది కానీ వెతికే చోట్లు తక్కువ. సీటు కింద వైరింగ్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, హెడ్‌లైటు వెనక. సీటు అడుగున స్పాంజి బయటపడి ఉంటే మందపాటి రెగ్జిన్‌తో కుట్టించండి. ట్రాక్టర్లకు సైలెన్సర్ పైకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి దాని మూత స్ప్రింగు బాగా పడుతోందో లేదో చూడండి.

బండి మళ్లీ తీసే రోజున ముందు గుడ్డలు లెక్కపెట్టి జాలీలు తీయండి. బానెట్ ఎత్తి బెల్టులు, ఫిల్టర్ డబ్బా చూడండి. పెట్రోలు వాసన లేదని తెలుసుకున్నాకే తాళం తిప్పండి.